చెరిసగం: ఇంట్లో, పొలంలో, చాయ్ హోటల్లో దేన్నైనా సరిసమానంగా రెండు చేయడం ఎలా

చిన్నప్పుడు మా తమ్ముడికీ నాకూ కలిపి ఒక్కటే నువ్వుల జీడి దొరికేది. అంగీ అంచులో చుట్టి పళ్ళతో పటుక్కున కొరికితే అది కాకెంగిలి, ఎవరైనా తినొచ్చు. బట్ట విప్పితే అరచేతిలో రెండు ముక్కలు, ఒకటి కొనదేలి పొడుగ్గా, ఇంకొకటి మొండిగా మందంగా, నాలుగు నువ్వులు రాలి అంగీకి అంటుకుని ఉండేవి. "అన్నా, నీదే పెద్దగున్నది" అని వాడు, "లేదురా, నీది మందమున్నది మంచిగ చూడు" అని నేను. ఆ కొట్లాట ఎప్పుడో మరిచిపోయాం గానీ, సరిగ్గా సగం చేయడం మీద నాకు పట్టుకున్న ఇష్టం మాత్రం ఇన్నేళ్లయినా వదల్లేదు. బత్తాయి కనపడినా, చెరుకు గడ కనపడినా, గ్లాసులో చాయ్ కనపడినా దీన్ని రెండు చేయడం ఎలా అని చూస్తాను. అలా చూసి చూసి, చేసి చేసి తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఒక్కొక్కటి మీ ఇంట్లో చేసి చూడండి, భలే సరదాగా ఉంటుంది.

ముందుగా ఒక మాట. మూడో వంతు తీయాలంటే టేపో, తూకమో, లెక్కో ఏదో ఒకటి కావాలి. సగానికి అవేవీ అక్కర్లేదు. రెండు ముక్కల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టినా, ఒకదాని మీద ఒకటి వేసినా, తక్కెడలో ఎదురెదురుగా ఉంచినా సరిపోయిందో లేదో అవే చెప్పేస్తాయి. అందుకే కింద చెప్పే పద్ధతులన్నిట్లో కొలవడం తక్కువ, పోల్చడం ఎక్కువ. మడవడం, తిప్పడం, ఇటుది అటు మార్చి చూడడం, ఈ మూడూ వస్తే చాలు.

అన్నిటికంటే ముందు: దేంట్లో సగం?

కత్తి పట్టుకునే ముందే ఇది తేల్చుకోవాలి. పొడవులో సగమా, బరువులో సగమా, తినేదాంట్లో సగమా, విలువలో సగమా? ఇవన్నీ ఒకటే అనుకోవడం వల్లే సగం తగాదాలు వస్తాయి. బాలానగర్ సీతాఫలం ఒకటి తీసుకోండి. పండింది కాబట్టి చేత్తో నొక్కితే రెండుగా విచ్చుకుంటుంది, చూడ్డానికి రెండు చిప్పలూ సమానమే, కానీ ఒకదాంట్లో గుజ్జు ఎక్కువ, ఇంకొకదాంట్లో గింజలు ఎక్కువ, మధ్యలోని తొడిమె ఊచ ఒకవైపే ఉండిపోతుంది. అక్కడ మనకు కావాల్సింది గుజ్జులో సగం. చిప్పలు ఎంత సమానంగా ఉన్నా లాభం లేదు.

కాబట్టి ముందు అవతలి మనిషితో మాట్లాడుకోండి. "సైజా, బరువా?" అని ఒక్క ముక్క అడిగితే పని సగం అయిపోయినట్టే.

దారం, కర్ర, పైపు

దారానికి చెప్పేదేముంది, రెండు కొసలూ కలిపి లాగి పట్టుకుంటే మడత పడ్డచోటే సగం. దారంతోనే మిగతావన్నీ వస్తాయి కాబట్టి సాగని దారం ఎంచుకోండి. సుతిలి తాడు పర్వాలేదు, ఎలాస్టిక్, ఊలు వద్దు.

కర్ర మడత పడదు కదా. టేపు లేనప్పుడు ఇలా చేయండి:

1. మధ్య అనిపించిన చోటు దాకా వచ్చేలా ఒక పుల్లనో దారాన్నో ఎడమ కొస నుంచి పెట్టి, అది ఆగిన చోట పెన్సిల్‌తో గీత గీయండి.
2. అదే పుల్లను, ఏమాత్రం మార్చకుండా, ఇప్పుడు కుడి కొస నుంచి పెట్టి ఇంకో గీత గీయండి.
3. రెండు గీతలూ ఒకేచోట పడితే మీ అదృష్టం. లేకపోతే వాటి మధ్య చిన్న ఎడం ఉంటుంది. ఆ ఎడంలో నడిమి చోటును కంటితో చూసి గుర్తు పెట్టండి.

ఆరు అడుగుల వెదురులో కంటి అంచనా రెండు అంగుళాలు తప్పొచ్చు, అప్పుడు గీతల మధ్య ఎడం నాలుగు అంగుళాలే, అంత చిన్న ఎడంలో కన్ను ఎంత తప్పుతుంది చెప్పండి? తప్పు ఎంత పెద్దదైనా రెండు వైపుల నుంచీ ఒకేలా చేస్తే అదే మనకు మధ్యను చూపిస్తుంది. ఈ ఉపాయం నేర్చుకున్న రోజు నేను ఇంట్లో ఉన్న కర్రలన్నిటికీ గీతలు పెట్టాను.

ఇంకో సరదా ఉంది. కర్రను రెండు చూపుడు వేళ్ల మీద అడ్డంగా పెట్టి, వేళ్లను నెమ్మదిగా దగ్గరికి జరపండి. ఒక వేలు జరుగుతుంది, ఆగుతుంది, ఇంకొకటి జరుగుతుంది, చివరికి రెండూ ఒక్కచోట కలుస్తాయి, కర్ర కింద పడదు. బరువు ఎక్కువ మోసే వేలి దగ్గర రాపిడి ఎక్కువ, అందుకే అది ఆగి రెండోది కదులుతుంది. అలా వేళ్లు కలిసిన చోట కర్ర బరువు నిలబడుతుంది. కానీ జాగ్రత్త, అక్కడ కోస్తే రెండు ముక్కల బరువు సమానం అవుతుందనుకోకండి. చీపురుకట్టను అలా నిలబెట్టి అక్కడ రెండు చేస్తే మొదలు వైపు ముక్క పొట్టిగా, బరువుగా ఉంటుంది, కొస వైపు ముక్క పొడుగ్గా, తేలిగ్గా ఉంటుంది. తక్కెడ కాడ మీద దగ్గరున్న పెద్ద బరువును దూరంగా ఉన్న చిన్న బరువు ఆపినట్టే ఇదీ. నేను మొదటిసారి ఇది విన్నప్పుడు నమ్మలేదు, కోసి తూచాకే నమ్మాను.

చెరుకు గడ

దీనికి వేరే చోటు ఇవ్వాల్సిందే, ఎందుకంటే గడ మొదట్లో లావు, తీపి. కొస వైపు సన్నం, చప్పన. నడిమికి విరిస్తే మొదలు దక్కినవాడికి పండగ, కొస దక్కినవాడికి ఏడుపు.

గడను సమాన పొడవున్న నాలుగు ముక్కలు చేయండి. దారంతో కొలిచి, దారాన్ని మడిచి, మళ్ళీ మడిస్తే నాలుగో వంతు వస్తుంది. మొదటి ముక్క, నాలుగో ముక్క ఒకరికి. రెండోది, మూడోది ఇంకొకరికి. గడ మొదటి నుంచి కొసకు ఒకే తీరుగా సన్నబడుతూ పోతే ఈ రెండు వాటాలూ దాదాపు సరిసమానం. ఉదాహరణకు ముక్కల బరువులు 400, 350, 300, 250 గ్రాములనుకోండి. 400, 250 కలిపితే 650. 350, 300 కలిపినా 650.

ఇదే వరస ఇంకెన్నో చోట్ల పనికొస్తుంది. కొల్లాపూర్ మామిడిపండ్లు నాలుగున్నాయి, నాలుగూ నాలుగు సైజులు. "నీకొకటి, నాకొకటి, నీకొకటి, నాకొకటి" అంటే మొదట తీసుకున్నవాడే ప్రతి జతలోనూ పెద్దది కొడతాడు. అలా కాకుండా నువ్వు ఒకటి, నేను రెండు, మళ్ళీ నువ్వు ఒకటి. ఫ్లాస్కులో చాయ్ ఇద్దరికీ పోసేటప్పుడూ అంతే. చక్కెర, డికాషన్ అడుగున ఎక్కువుంటాయి, అందుకని మొదటి గ్లాసులో కొంచెం, రెండో గ్లాసులో రెండుసార్లు, మళ్ళీ మొదటి గ్లాసులో కొంచెం. రుచి కూడా సమానంగా పంచుకున్నట్టు.

కాగితం, బట్ట

కాగితాన్ని మూలకు మూల కలిపి, వేళ్ళతో అంచులు సరిచూసుకుని, అప్పుడే మడత మీద గోరుతో గీయండి. చాలామంది ముందు మడత నొక్కేసి తర్వాత అంచులు చూసుకుంటారు, అక్కడే వంకర పోతుంది.

ఏ4 కాగితం అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. పొడవును సగానికి మడిస్తే 148, 210 అవుతుంది, అదే ఏ5. ఆకారం మాత్రం మారదు, పెద్ద కాగితం ఫొటోను చిన్నది చేసినట్టే ఉంటుంది. మళ్ళీ మడిచినా అంతే. ఇలా సగం చేసినా రూపం మారకుండా ఉండాలంటే పొడవు, వెడల్పుకు రెండు వర్గమూలం రెట్లు, అంటే దాదాపు 1.414 రెట్లు ఉండాలి. ఇంకే కొలతకూ ఈ గుణం లేదు. మీ పిల్లల నోటుబుక్కు కాగితం ఒకటి తెచ్చి పక్కన పెట్టి మడిచి చూడండి, తేడా మీకే కనపడుతుంది.

బట్ట దగ్గర కొంచెం ఆగాలి. పాత నూలు చీరను బొంతకు రెండు చేయాలంటే ముందు ఉతికి ఆరేయండి, ఎందుకంటే ముడుచుకుపోయిన బట్టను మడిస్తే కొలత తప్పుతుంది. ఇద్దరు చెరో కొస పట్టుకుని కొంగుకు కొంగు కలపండి, అంచుల్లో ఒక్క అంచునే చూసుకోండి, రెండూ ఒకేసారి సరిచేయాలని చూస్తే బట్ట ఏటవాలుగా సాగుతుంది. మడత దగ్గర అంచున కత్తెరతో అంగుళమంత గాటు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని చర్రున చింపండి. నూలు బట్ట అడ్డపోగు వెంబడి తిన్నగా చిరుగుతుంది, కత్తెర కంటే తిన్నగా. ఆ చప్పుడు వింటే ఎంత తృప్తో! పోచంపల్లి చీర లాంటి డిజైను బట్టయితే మాత్రం పొడవులో మధ్య కంటే డిజైనులో మధ్య చూసుకోవాలి. పువ్వు మధ్యలో కోత పడితే రెండు ముక్కలూ పాడైనట్టే.

రొట్టె, పోలె, గుడ్డు

జొన్న రొట్టె పెనం మీద నుంచి దించిన నిమిషంలోపు మెత్తగా ఉంటుంది, అప్పుడే మడవాలి, చల్లారితే పెళుసుబారి ఎక్కడ పడితే అక్కడ విరుగుతుంది. ఒకసారి ఇటు మడిచి విప్పండి, ఇంకోసారి అడ్డంగా మడిచి విప్పండి. రెండు మడతలు కలిసిన చోటు నడిమి చుక్క. గుండ్రటి దేన్నైనా ఆ చుక్క మీదుగా ఏ వైపు కోసినా సగమే వస్తుంది, కాబట్టి మాడిన మచ్చ ఉంటే కత్తిని ఆ మచ్చ మీదుగా పోనివ్వండి. మాడింది కూడా చెరిసగం.

పోలెలతో (బొబ్బట్లతో) ఇంత సులువు కాదు. లోపల పూర్ణం ఒక పక్కకు చేరి ఉంటుంది, పైకి కనపడదు. చూపుడు వేలు, బొటనవేలు మధ్య మెల్లగా నొక్కుతూ చుట్టూ తిప్పండి, మందంగా ఎటుందో తెలుస్తుంది. ఆ మందం వైపు నుంచి ఎదురుగా ఉన్న పల్చటి వైపుకు కోయండి. అప్పుడు మందమూ పలుచనా రెండూ ఇద్దరికీ వస్తాయి. పుచ్చకాయకూ ఇదే సూత్రం. నేల మీద ఆనిన చోట పసుపు మచ్చ ఉంటుంది కదా, తొడిమె నుంచి కింది కొస దాకా నిలువుగా, ఆ మచ్చ మధ్యలోంచి కోయండి.

ఉడికిన గుడ్డుకు కత్తి వద్దు, పచ్చసొన అంటుకుంటుంది. గట్టి దారాన్ని గుడ్డు చుట్టూ ఒక చుట్టు చుట్టి రెండు కొసలూ ఎదురెదురుగా లాగితే అద్దంలా తెగుతుంది. పచ్చసొన మధ్యలో ఉండాలంటే ఉడికేటప్పుడు మొదటి రెండు మూడు నిమిషాలు గరిటెతో నీళ్లను మెల్లగా తిప్పుతూ ఉండండి.

బత్తాయి మన నల్లగొండ పండు కాబట్టి చెప్పకపోతే బాగుండదు. రసం తీయడానికి అడ్డంగా కోస్తాం, చక్రంలా ఎంతో అందంగా కనపడుతుంది, కానీ తొడిమె వైపు తొక్క మందం ఉంటే ఆ సగంలో రసం తక్కువ వస్తుంది. తినడానికైతే తొక్క తీసి తొనలు లెక్కపెట్టుకుని, ఎదురెదురుగా ఉన్న రెండు సందుల దగ్గర బొటనవేళ్లు పెట్టి విడదీయండి. పదకొండు తొనలు వస్తే ఆ ఒక్కటీ తొక్క తీసినవాళ్లకు. మా ఇంట్లో ఇదే రివాజు, ఎవరికీ అభ్యంతరం లేదు.

వన్ బై టూ చాయ్

గ్లాసు నిండా ఉన్నదాన్ని సగం చేయడంలో రెండు రకాలు. గ్లాసు గోడలు నిటారుగా, అడుగు చదునుగా ఉంటే (స్టీలు డబ్బా లాంటిది) ఇంతకంటే అందమైన ఉపాయం లేదు. మెల్లగా వంచుతూ ఒంపండి. లోపలి నీళ్ల అంచు ఒకవైపు మూతిని, ఎదుటివైపు అడుగు మూలను ఒకేసారి తాకిన క్షణాన ఆపండి. లోపల మిగిలింది సరిగ్గా సగం. కావాలంటే డబ్బాను నిలబెట్టి చూసుకోండి.

కానీ మన హోటళ్లలో చాయ్ గాజు గ్లాసు కింద సన్నం, పైన వెడల్పు. దాంట్లో ఈ ఉపాయం పనిచేయదు. అడుగు వ్యాసం 4 సెంటీమీటర్లు, మూతి వ్యాసం 6 ఉన్న గ్లాసును అలా వంచితే లోపల మిగిలేది 35 శాతమే. ఎత్తులో సగం చూసినా తప్పే, ఎందుకంటే పై సగంలో చాయ్ ఎక్కువ పడుతుంది. అదే గ్లాసు 10 సెంటీమీటర్ల ఎత్తుంటే సగం చాయ్ దాదాపు 6 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. కాబట్టి నల్లగొండ గడియారం సెంటర్‌లో నిలబడి వన్ బై టూ తాగేటప్పుడు మధ్య కంటే సెంటీమీటరంత పైన ఆపమని చెప్పండి. ఇంకా మంచిది, ఒకేలాంటి రెండు గ్లాసులు తీసుకుని, చదునైన బల్ల మీద పక్కపక్కన పెట్టి, కన్ను చాయ్ మట్టానికి దించి చూసుకోండి. వేర్వేరు గ్లాసులైతే పొడుగు సన్న గ్లాసులో ఎక్కువ ఉన్నట్టే కనపడుతుంది. చిన్న పిల్లలు దీన్ని నిజమనే నమ్ముతారని జీన్ పియాజే అనే శాస్త్రవేత్త చాలా ఏళ్ల కిందే చూపించాడు. పెద్దవాళ్ల కన్నూ తక్కువేం మోసపోదు.

నీళ్ల క్యాన్లయితే మనం చేయాల్సిన పనే లేదు. ఒకేలాంటి రెండు క్యాన్లను ఒకే చదును మీద పెట్టి, సన్న పైపును పూర్తిగా నీళ్లతో నింపి, గాలి పోకుండా రెండు కొసలూ వేళ్లతో మూసి, ఒక కొస నిండు క్యాన్ అడుక్కు, ఇంకో కొస ఖాళీ క్యాన్ అడుక్కు దించి వదలండి. రెండిట్లో మట్టం ఒకటయ్యేదాకా పారి అదే ఆగిపోతుంది. మేస్త్రీలు గోడకు లెవల్ పైపు పట్టేది ఈ గుణంతోనే.

బియ్యం, పల్లీలు, చుడువ

మన పాత కొలతలే సగాల మెట్లు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఊరిని బట్టి పాత్ర సైజు కాస్త మారినా, రెండేసి లెక్కన పెరిగే ఈ వరస అందంగా ఉంటుంది. ఒక మెట్టు కిందికి దిగితే సగం వచ్చినట్టే. భిన్నాలు కూడా అంతే. అరలో సగం పావు, అలా సగం చేస్తూ నాలుగోసారికి వచ్చేది పదహారో వంతు, అదే వీసం.

పాత్రా తక్కెడా ఏదీ లేనప్పుడు, ముఖ్యంగా చుడువ లాంటి కలగలుపు అయితే, ఇలా:

1. శుభ్రమైన బట్ట మీద కుప్పగా పోయండి, ఒకే చోటి మీద నుంచి ధారగా.
2. కుప్పను చేత్తో ఒత్తి గుండ్రంగా, చదునుగా రొట్టెలా చేయండి.
3. పుల్లతో ప్లస్ గుర్తులా నాలుగు భాగాలు గీయండి.
4. ఎదురెదురు భాగాలు రెండూ ఒకరికి, మిగతా రెండూ ఇంకొకరికి.

కుప్ప పోసినప్పుడు పల్లీలు జారి అంచులకు చేరతాయి, సన్న పొడి మధ్యలో ఉండిపోతుంది. ఎదురెదురు భాగాలు కలపడంతో అవి కూడా సర్దుకుంటాయి. పొలంలో మట్టి పరీక్షకు నమూనా తీసేటప్పుడు అర కిలో మిగిలేదాకా ఇలాగే చేయాలని వ్యవసాయాధికారులు చెబుతారు. అక్కడ ఎదురెదురు రెండు భాగాలు పారేస్తారు, మనం పంచుకుంటాం.

బాట్లు లేకుండా తక్కెడ

కర్రకు నడిమిన దారం కట్టి, రెండు కొసలకూ ఒకేలాంటి రెండు పళ్లేలు వేలాడదీస్తే తక్కెడ తయారు. ఖాళీగా ఉన్నప్పుడు కాడ అడ్డంగా నిలబడాలి, లేకపోతే తేలిక వైపు చిన్న రాయి కట్టండి. సరుకంతా రెండు పళ్లేల్లో సుమారుగా పోసి, బరువు వైపు నుంచి తేలిక వైపుకు వేయండి. తేడా ఎంతుందో అంతా మార్చకండి, అందులో సగమే మార్చాలి. ఒక వైపు 40 గ్రాములు ఎక్కువుంటే మార్చాల్సింది 20. మొత్తం 40 మారిస్తే తేడా అటు తిరుగుతుందే తప్ప పోదు.

సరిపోయిందనిపించాక అసలు పరీక్ష ఉంది. పళ్లేల్లోని సరుకును అటుది ఇటు, ఇటుది అటు మార్చండి. ఇప్పుడూ సరిగ్గా నిలబడితే మీ సగం నూటికి నూరు పాళ్లు నిజం. ఒకవైపుకు ఒరిగితే తక్కెడ కాడలు ఒక పొడవు లేవన్నమాట. అప్పుడు తక్కెడ పారేయక్కర్లేదు. మొదటి సగాన్ని కుడి పళ్లెంలో పెట్టి, ఎడమ పళ్లెంలో రాళ్లూ ఇసుకా వేసి నిలబెట్టండి. రాళ్లను కదపకుండా మొదటి సగాన్ని తీసి అదే కుడి పళ్లెంలో రెండో సగాన్ని పెట్టండి. మళ్ళీ నిలబడితే రెండూ సమానం, తక్కెడ ఎంత దొంగదైనా సరే.

ఏ పద్ధతీ కుదరనప్పుడు

ఒకరు కోయాలి, ఇంకొకరు ముందు ఎంచుకోవాలి. మామిడిపండు దగ్గర దీనికి తిరుగులేదు. రెండు చెక్కలు కోశాక టెంక మిగులుతుంది, టెంకకు ఎంత గుజ్జు వదలాలో కోసేవాడే తేల్చుకోవాలి, ఏది మిగిలినా తనకు ఇష్టమయ్యేట్టు. కోసేది ఎవరో బొమ్మా బొరుసా వేసుకోండి, ఎందుకంటే ఎంచుకునేవాడికి కొంచెం లాభం ఉంటుంది. మా ఇంట్లో పిల్లలిద్దరికీ ఈ పద్ధతి పెట్టినప్పటి నుంచి, పెద్దది కత్తి పట్టుకుని కేకు ముందు కూర్చుంటే ఊపిరి బిగబట్టి చూస్తుంది, అంత శ్రద్ధగా హోంవర్క్ కూడా చేయదు. ముగ్గురుంటే ఇదే పద్ధతి సరిపోదు. దాని మీద పోలండ్ గణిత శాస్త్రవేత్త హ్యూగో స్టైన్‌హౌస్ 1948లో వ్యాసం రాశాడు, అక్కడి నుంచి పెద్ద శాస్త్రమే పుట్టింది.

పొలం

ఇక్కడ సరదాతో పాటు జాగ్రత్త కూడా కావాలి. కాగితం మీద లెక్క వేసుకోవడానికి ఇవి పనికొస్తాయి, గెట్టు రాళ్లు పాతేది మాత్రం సర్వేయర్ కొలిచాకే. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు, అర ఎకరం అంటే 20 గుంటలు.

మూడు మూలల చెలక (మెట్ట పొలం) అయితే ఒక మూల నుంచి ఎదుటి గట్టు మధ్యకు గీత గీయండి, ఏ మూల నుంచైనా సరే, సగమే. నాలుగు మూలలూ లంబకోణంలో ఉన్న మడి అయితే మూలమూలకు రెండు తాళ్లు అడ్డంగా కట్టండి, అవి కలిసే చోటే మధ్య. ఆ మధ్య మీదుగా ఏ గీత గీసినా సగం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. అలాంటి మడిలో ఒక పక్కన బాయి ఉంది, లేదా నలుచదరపు నీటి గుంట ఉంది. భూమీ సగం కావాలి, బాయీ సగం కావాలి, ఒక్క గీతతోనే. మడి మధ్యను తాళ్లతో పట్టండి. బాయి మధ్యను కూడా పట్టండి. ఆ రెండు చుక్కలనూ కలుపుతూ తిన్నగా గీత లాగండి. అంతే. బాయి మధ్య గుండా పోయే గీత బాయిని సగం చేస్తుంది, మడి మధ్య గుండా పోయే గీత మడిని సగం చేస్తుంది, రెండిటి గుండా ఒకే గీత పోతే మిగిలిన భూమి కూడా సగమే. నేను ఇది మొదటిసారి కాగితం మీద గీసుకున్నప్పుడు కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

ఇంకా కొన్ని చెలకలు ఒకవైపు సన్నంగా, ఎదుటివైపు వెడల్పుగా ఉంటాయి. ఎదురెదురు గట్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉండి, ఒకటి 70 గజాలు, ఇంకొకటి 170 గజాలు, మధ్య దూరం 100 గజాలు అనుకోండి. మొత్తం 12,000 చదరపు గజాలు, అంటే 2 ఎకరాల 19 గుంటల పైచిలుకు. రెండు గట్ల మధ్యలనూ కలిపి నిలువుగా గీత వేస్తే చెరో 6,000. బాట ఒక గట్టు వెంబడి ఉంటే ఇద్దరికీ బాట కూడా దొరుకుతుంది, కాబట్టి నా ఓటు దీనికే. అడ్డంగానే వేయాలంటే గీత సరిగ్గా నడిమిన రాదు. 130 గజాల పొడవున్న చోట, సన్న గట్టు నుంచి 60 గజాల దూరంలో వస్తుంది. 70 వర్గం, 170 వర్గం కలిపి సగం చేసి వర్గమూలం తీస్తే 130. ఈ 7, 13, 17 లెక్క దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందే ఇరాక్ ప్రాంతపు మట్టి పలకల మీద ఉంది. వాళ్లకూ గెట్టు పంచాయితీలు ఉండే ఉంటాయి.

వైశాల్యం సరిపోతే అయిపోలేదు. తరి (నీళ్లు పారే పొలం) వేరు, చెలక వేరు. మా నాయిన, చిన్నాయిన పంచుకున్నప్పుడు మొదట మొత్తం ఎకరాలు కలిపి సగం చేశారు, మా వాటాకు రాళ్ల చెలకే ఎక్కువ పడింది. తర్వాత పెద్దమనుషులు కూర్చుని తరిని తరిగా, చెలకను చెలకగా విడివిడిగా రెండేసి చేశాక గానీ ఇద్దరికీ మనసు కుదుటపడలేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేను అక్కడి దళిత కుటుంబాలు భూమి అడిగినప్పుడు కూడా 80 ఎకరాలు కావాలని ఊరికే అనలేదు, 40 తరి, 40 చెలక అని అడిగారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచింది ఆ రోజే. భూమితో బతికేవాళ్లకు సగం అంటే ఏంటో తెలుసు.

రోజును సగం చేయడం

గడియారంలో పన్నెండైతే రోజు సగమైందనుకుంటాం. మన దగ్గర అది నిజం కాదు. గడియారం టైమ్ 82.5 డిగ్రీల రేఖాంశానిది, నల్లగొండ దాదాపు 79.3 దగ్గర, మహబూబ్‌నగర్ 78 దగ్గర ఉన్నాయి. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. అందుకని సగటున నల్లగొండలో మిట్టమధ్యాహ్నం 12 గంటల 13 నిమిషాలకు, మహబూబ్‌నగర్‌లో 12 గంటల 18 నిమిషాలకు. అదీ ఏడాదంతా ఒక్కటే కాదు, ఫిబ్రవరిలో ఇంకో పావుగంట దాకా ఆలస్యం, నవంబర్ మొదట్లో పావుగంట ముందు. క్యాలెండర్‌లో సూర్యోదయం, సూర్యాస్తమయం చూసి రెండిటి మధ్య సగం లెక్కేస్తే ఆ రోజు సంగతి తెలిసిపోతుంది.

లెక్కతో కాకుండా కళ్లతో చూడాలంటే దాబా మీదో వాకిట్లోనో చదునైన చోట కర్ర ఒకటి నిటారుగా పాతండి. పాతకాలంలో దిక్కులు తేల్చడానికి ఇలాగే శంకువు నాటేవాళ్లు, శంకుస్థాపన అనే మాటలో ఉన్నది ఆ శంకువే. నీడ అంటే మన నల్లగొండ వాళ్లకు కొత్త కాదు, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పడే నీడ పొద్దంతా కదలకుండా ఉండడం చూసే ఉంటారు. మన కర్ర నీడ మాత్రం కదలాలి.

పొద్దున పది గంటలప్పుడు నీడ కొస దగ్గర రాయి పెట్టండి. కర్ర మొదటికి దారం కట్టి, ఆ రాయి దాకా ఉన్న పొడవుతో నేల మీద సుద్దతో వలయం గీయండి. ఎండ ఎక్కేకొద్దీ నీడ పొట్టిదై వలయం లోపలికి వస్తుంది, మధ్యాహ్నం దాటాక మళ్ళీ పొడుగవుతుంది. రెండు కాకముందు నుంచే కనిపెట్టుకుని ఉండి, నీడ కొస వలయాన్ని మళ్ళీ తాకిన చోట రెండో రాయి పెట్టండి. మే రెండో వారంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు మన నడినెత్తి మీదకు వస్తాడు, ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం నీడే కనపడదు, రాళ్లు మాత్రం ఎప్పటిలాగే పెట్టుకోవచ్చు. ఆ రెండు రాళ్ల మధ్య దారం కట్టండి, అది తూర్పు పడమర. దారాన్ని విప్పి, రెండు కొసలూ కలిపి మడిచి, ఆ సగాన్ని ఒక రాయి నుంచి కొలిచి గుర్తు పెట్టండి. కర్ర మొదటి నుంచి ఆ గుర్తు మీదుగా సుద్ద గీత గీయండి. రేపు నీడ ఆ గీత మీదకు వచ్చి పడుకున్నప్పుడు మీ ఫోన్‌లో టైమ్ చూసుకోండి.